బందరులో తెలుగు దిద్దిన దొర

క్రిందటి ఎండాకాలంలో పనిమీద రాజమహేంద్రవరం వెళ్ళాను. బస్సు కోసం నిలుచుని చెమటలు తుడుచుకుంటూ ఉండగా ఇద్దరు కుర్రవాళ్ళు నా ప్రక్కకు వచ్చారు. తెల్ల చొక్కాలు, నల్ల లాగులు, ఆ ఎండలో మెడకు టైలు, జేబుమీద పేరు చెక్కిన నల్లని బిళ్ళలు. ఒకడు మన తెలుగువాడే. రెండోవాడు ఉత్తరాదివాడు, పట్టుమని ఇరవై ఏళ్ళుండవు. నన్ను చూచి నవ్వి, "ఎలా ఉన్నావండీ?" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. నన్నింత గౌరవంగానూ, ఇంత చనువుగానూ ఒకే మాటలో పలకరించినవాడు ఇంతకుముందెవడూ లేడు.

బస్సు ఆలస్యమయింది గనుక మాటలు సాగినవి. వాళ్ళు మోర్మన్ శాఖకు చెందిన మిషనరీలట. ఆ శాఖవారి కేంద్రం అమెరికాలోని సాల్ట్ లేక్ నగరం. పద్ధెనిమిది దాటిన మగపిల్లలు రెండేళ్ళపాటు, ఎక్కడికి పంపితే అక్కడికి జీతం బత్తెం లేకుండా వెళ్ళి పనిచేసి వస్తారు. ఎప్పుడూ ఇద్దరిద్దరే తిరగాలి. ఉదయం ఆరున్నరకు లేవాలి, చదువుకోవాలి, భాష నేర్చుకోవాలి, ఆపైన వీధి పట్టాలి. వారానికొక రోజు బట్టలు ఉతుక్కోవడానికీ, ఇంటికి ఉత్తరాలు వ్రాసుకోవడానికీ విడుపు. ఈ పసివాళ్ళను 'ఎల్డర్' అని పిలవాలట. ఎల్డర్ అంటే పెద్ద! మీసం సరిగా రాని పెద్దలు.

తెలుగునాట ఈ శాఖ వేళ్ళూనిన తీరు కూడా విచిత్రమే. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ అనే తెలుగు దంపతులు ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవిలో ఉండగా అందులో చేరారు. 1978లో మిషనరీలుగా హైదరాబాదు వచ్చి, తమ బంధువులకే మొదట బాప్తిస్మం ఇప్పించారు. వాళ్ళ గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీగారి తండ్రి.

"ఇంటిమీద బెంగగా లేదా?" అని అడిగాను. ఉత్తరాదివాడికి 'బెంగ' అర్థం కాలేదు. తెలుగువాడు ఇంగ్లీషులో ఏదో చెప్పాడుగాని నాకది నచ్చలేదు. తల్లి ఊరికి వెళితే పాలు మానేసే పసిపిల్లకు ఉండేది బెంగ అని నేను చెప్పాను. కుర్రవాడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట వ్రాసుకున్నాడు. ఇప్పుడు వారానికొకసారి ఇంటికి ఫోను చేసుకోనిస్తున్నారట. 2019కి ముందు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మసుకూ, మాతృదినానికీ. అంతలో నా బస్సు వచ్చింది.

బస్సులో కూర్చున్నాక ఆ చిన్న పుస్తకమే కళ్ళముందు ఆడింది. అట్లాగే పుస్తకం పట్టుకొని, ఇంతకంటె చాలా దూరం నుంచి వచ్చి, మన బందరులో తెలుగు అక్షరాలు దిద్దిన మరొక కుర్రవాడున్నాడు. పేరు హెన్రీ వాట్సన్ ఫాక్సు.

కార్తీకమాసంలో దివిసీమలో ఉన్న మా పెద్దమ్మను చూడబోతూ, దారిలో బందరులో దిగి ఒక పూట ఆగాలని అప్పుడే అనుకున్నాను.

విజయవాడ నుంచి బందరు వెళ్ళే రైలు తీరుబడి గలది. దానికి తొందర లేదు, ఎక్కినవాళ్ళకూ ఉండకూడదు. గుడివాడలో భీమవరం వైపు పోయే జనం దిగి, బందరు జనం ఎక్కి, పూలబుట్టలూ పాలక్యానులూ సర్దుకొనేసరికి ఒక టీ త్రాగవచ్చు. గుడివాడ గొప్పలు చెప్పుకోవడానికి ఇది చోటు కాదుగాని, ఆ ఊరిలో పాత బౌద్ధుల దిబ్బ ఒకటుంది. రెండువేల ఏళ్ళ క్రిందట గుండు గీయించుకున్న కుర్రవాళ్ళు భిక్షాపాత్ర పట్టుకొని ఈ చేలగట్లమీదనే తిరిగి ఉంటారు. ఒక మాటను మోసుకొని పరాయి ఊళ్ళు తిరగడం ఈ డెల్టాకు క్రొత్త కాదు. గుడ్లవల్లేరు, కవుతరం, కలంకారీ అద్దకాల పెడన దాటితే గాలిలో ఉప్పు తగులుతుంది. అదే బందరు.

ఫాక్సు 1817లో ఇంగ్లండులో పుట్టాడు. కలిగినవారి బిడ్డ. ఆర్నాల్డు ప్రధానోపాధ్యాయుడుగా పేరు మోసిన రగ్బీ పాఠశాలలో చదివాడు. అటుపైన ఆక్స్‌ఫర్డులో పట్టం పుచ్చుకున్నాడు. ఇంటిపట్టున ఏ చర్చిలోనో పాదిరీగా సుఖంగా బతకవచ్చు. అట్లా కాక, చర్చి మిషనరీ సొసైటీవారు తెలుగుదేశానికి మనుషులు కావాలంటే తాను వస్తానన్నాడు. 1841 మార్చిలో భార్యతో ఓడ ఎక్కాడు. వెంట రాబర్ట్ నోబుల్ అనే మరొక పాదిరీ ఉన్నాడు. నోబుల్ ముప్పైరెండేళ్ళవాడు, బ్రహ్మచారి, కేంబ్రిడ్జి చదువు. ఆఫ్రికా చుట్టూ తిరిగి జులైకి చెన్నపట్నం చేరారు. అక్కడినుంచి ఇంకా చాలా దూరం దారి. ఆ ఏడు ముగిసేలోగా బందరులో కాపురం పెట్టారు. ఫాక్సుకు అప్పటికి ఇరవైనాలుగేళ్ళు.

అప్పటి బందరును తలుచుకోండి. ఇంకా కృష్ణకు ఆనకట్ట లేదు. బెజవాడ ఆనకట్ట పూర్తి కావడం 1855లో. కాలువలు లేవు, ఈ పచ్చదనం లేదు. వాన కురిస్తే బురద, కురవకుంటే బీడు. ఫాక్సు రావడానికి ఎనిమిదేళ్ళ ముందే గుంటూరు కరువు ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసి పోయింది. ఊరికీ కోటకూ నడుమ ఉప్పునేలలు. డచ్చివారి గోరీలు అప్పటికే పాతబడి ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి, నేను వెళ్ళి చూచాను. రాతిమీద చెక్కిన అక్షరాలు చెక్కు చెదరలేదు. అందులో ఉన్నవాళ్ళు వర్తకానికి వచ్చి సముద్రపుగాలికీ, జ్వరాలకూ చిక్కినవాళ్ళు.

ఇట్లాంటి ఊరిలో దిగిన దొరకు మొదటి పని ఉపదేశం కాదు, ఓనమాలు. మిషనరీ బతుకు అనగానే మనకు తోచేది బైబిలు చేతబట్టి బజారులో గొంతెత్తే మనిషి. ఆ గొంతు ఎత్తడానికి ముందు ఏడాది, రెండేళ్ళు అతడు మున్షీ ఎదుట పలక పట్టిన పిల్లవాడు. ణకారానికీ నకారానికీ, ళకారానికీ లకారానికీ తేడా నాలుకకు పట్టించుకుంటూ, క్రియ వాక్యం చివరకు ఎందుకు వస్తుందా అని తల పట్టుకుంటూ ప్రొద్దు పుచ్చవలసినవాడు. బ్రౌన్‌దొర కొంతకాలం ఈ బందరులోనే కొలువు చేశాడు గదా, ఆయన వ్యాకరణం 1840లో అచ్చయింది. ఫాక్సు వచ్చేనాటికి అది సరిక్రొత్తది. బ్రౌన్ నిఘంటువు మాత్రం 1852గాని వెలువడలేదు. అంతకుముందు కాంబెల్‌దొర కూర్చినవి ఉన్నాయి. ఏమున్నా, ఆఖరుకు దిక్కు మున్షీయే.

ఇక్కడ తెలుగు పంతులుగా నాదొక మాట. మున్షీ నేర్పేది పుస్తకాల తెలుగు. వీధిలో వినబడేది వేరొక తెలుగు. మున్షీ దగ్గర 'వచ్చుచున్నాడు' అని నేర్చుకున్నవాడు బజారులోకి పోతే అక్కడ 'వస్తన్నాడు'. దానికి తోడు నువ్వు, మీరు, తమరు. ఎవరిని ఏమనాలో ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఉండదు, తల్లి ఒడిలో రావలసిందే. రాజమహేంద్రవరం కుర్రవాడి 'ఉన్నావండీ'కి నవ్వానుగాని, అది రెండువందల ఏళ్ళుగా ప్రతి మిషనరీ పడిన గోతిలో పడడమే. ఆఖరుకు ఈ చిక్కే మన మేలుకు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విశాఖ ప్రాంతంలో బడుల ఇనస్పెక్టరుగా ఉన్న యేట్సుదొర, తాను నేర్చిన తెలుగు వేరు, జనం మాట్లాడేది వేరు, ఇదేమిటని అడిగితే, ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి దాకా పోయింది. వాడుకభాష ఉద్యమానికి బీజం పడిన చోట్లలో అదొకటి. ఒక పరాయివాడి అవస్థ లేకపోతే ఈ వ్యాసం నేనింకా గ్రాంథికంలో వ్రాస్తూ ఉండేవాణ్ణేమో!

ఆనాటి మిషనరీ దినం ఇట్లా నడిచేది. తెల్లవారకముందే లేచి, ఎండ ముదరకముందే గుర్రంమీదనో కాలినడకనో ఒక పల్లెకు పోవాలి. ఏ చింతచెట్టు క్రిందనో నిలబడి పుస్తకం తెరిచి బిగ్గరగా చదవాలి. జనం మూగుతారు. మూగడం ఎంతసేపు? దొర తెలుగు చదువుతున్నాడంటే ఆనాడు అది తోలుబొమ్మలాటకు తీసిపోని వినోదం. ఇక ప్రశ్నలు. మనవాళ్ళ ప్రశ్నలు నాకు తెలియనివి కావు. మీ జీతమెంత? మీ దేశంలో వరి పండుతుందా? ఆ దేవుణ్ణి నువ్వు చూచావా? చూడకపోతే మాకెట్లా చూపిస్తావు? వీటికి, అందులోనూ చివరిదానికి, రెండేళ్ళ తెలుగుతో జవాబు చెప్పడమంటే మాటలా? ఎండెక్కేసరికి ఇల్లు చేరి మున్షీతో పాఠం. మధ్యాహ్నం తలుపులు బిడాయించుకొని పంకా క్రింద చదువు. ప్రొద్దు వాలాక మళ్ళీ బజారు. శీతకాలంలో డేరాలు వేసుకొని ఊరూరా మకాం. రాత్రి దీపం దగ్గర ఇంటికి ఉత్తరం. ఆ ఉత్తరం పోయి బదులు వచ్చేసరికి నెలలు గడిచేవి. తండ్రి కులాసా అని చదువుకొనేనాటికి తండ్రి కులాసాగా ఉన్నాడో లేడో తెలియదు.

ఫాక్సుకు ఊళ్ళు తిరగడమంటేనే ఇష్టం. నోబుల్‌కు బడి. 1843లో నోబుల్ బందరులో ఇంగ్లీషు పాఠశాల పెట్టాడు. అదే నేటి నోబుల్ కళాశాల. అందులో మొదట పై కులాల పిల్లలకూ, ముస్లిములకూ చోటుందిగాని మాలమాదిగల పిల్లలకు లేదు. పైవాళ్ళు మారితే క్రిందివాళ్ళు వాళ్ళే వస్తారని ఆయన లెక్క. అందరూ సమానమని చెప్ప వచ్చినవాడు గుమ్మంలోనే ఈ గీత గీయడం నాకు ఏనాడూ మింగుడు పడలేదు. లెక్క కూడా తప్పింది. ఈ జిల్లాలో క్రైస్తవం పెరిగింది ఆ తరగతిగదిలో కాదు, ఊరి బయటి పేటలలో.

అదే 1843లో ఫాక్సు ఒళ్ళు చెడి నీలగిరులకు పోవలసి వచ్చింది. 1844 చివరకు తిరిగి వచ్చాడు. ఏడాది తిరక్కుండానే భార్యకు జబ్బు ముదిరింది. స్వదేశం తీసుకుపోతే బతుకుతుందని పిల్లలతో సహా చెన్నపట్నంలో ఓడ ఎక్కించాడు. 1845లో అది. ఓడ ఇంకా లంగరు ఎత్తలేదు. ఆ ఓడలోనే, తీరం కనబడుతూ ఉండగానే, ఆమె కన్నుమూసింది. ఇరవైఎనిమిదేళ్ళవాడు తల్లి లేని పిల్లలను పట్టుకొని అదే ఓడలో ఇంగ్లండు పోయాడు.

ఎవరైనా అక్కడితో చాలించుకొంటారు. ఇతడు పిల్లలను అక్కడ ఉంచి మళ్ళీ బందరు వచ్చాడు! ఆ మాట చదివినప్పుడు నాకు మొదట భక్తి కలగలేదు, కోపం వచ్చింది. మా అమ్మాయి పై చదువుకు హాస్టలుకు వెళ్ళిన నెలలో ఇల్లు ఎట్లా ఉండిందో నాకు తెలుసు. అయితే ఆ కోపం నేను తండ్రిగా పడ్డది. అతడి లోపల ఏముందో ఆ దేవుడికెరుక. రెండోసారి ఎక్కువ కాలం సాగలేదు. 1848లో జబ్బుతో మళ్ళీ ఓడ ఎక్కాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో పోయాడు. ముప్పైఒకటో ఏడు. ఏడేళ్ళలో సగానికి సగం జబ్బులకూ ప్రయాణాలకూ పోగా, ఆ చింతచెట్ల క్రింద నిలబడ్డ దినాలు ఎన్ని?

నోబుల్ బడి నుంచి తొలి బాప్తిస్మాలు 1852లోగాని జరగలేదు. ఇద్దరు విద్యార్థులు. ఊరు అట్టుడికినట్లు ఉడికింది, బడి ఖాళీ అయింది. కొంతకాలానికి ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు. ఇంగ్లీషు కావాలి మరి. అప్పటికి ఫాక్సు పోయి నాలుగేళ్ళు. రగ్బీ పాఠశాలవారు అతడి పేర చందాలు పోగుచేసి, నోబుల్ బడిలో ఒక ఉపాధ్యాయుడి జీతానికి ఏర్పాటు చేశారు. 'రగ్బీ ఫాక్సు మాస్టరు' అని ఆ ఉద్యోగానికి పేరు. బజారులో ఉపదేశించినవాడి పేరు చివరకు బడిపంతులు కుర్చీమీద నిలిచింది. ఆ కళాశాలలోనే తరువాత బ్రహ్మసమాజపు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు కూడా పాఠాలు చెప్పారు. పెట్టినవాడు ఒకటి తలచి పెడితే, ఊరు దాన్ని తనకు కావలసినట్లు వాడుకుంది.

నోబుల్ మాత్రం వచ్చినవాడు వచ్చినట్లే ఉండిపోయాడు. ఇరవైనాలుగేళ్ళు, ఒక్కసారి కూడా స్వదేశం పోలేదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరుమీద పడింది. ముప్పైవేల మంది పోయారని ఆనాటి అంచనా. మిషనువారి ఆడపిల్లల వసతిబడిలో పిల్లలు ఎందరో కొట్టుకుపోయారు. నోబుల్ ఆ ఉప్పెన చూచి, మరుసటి అక్టోబరులో ఈ ఊరిలోనే పోయాడు.

కళాశాల ఆవరణలో సాయంకాలం కుర్రవాళ్ళు క్రికెట్టు ఆడుతున్నారు. ఒకణ్ణి పిలిచి, నోబుల్ ఎవరో తెలుసా అన్నాను. "నోబుల్ ప్రైజు ఇచ్చినాయన గదండీ?" అన్నాడు. 'అండీ' సరిగ్గా పడింది, అంతవరకు సంతోషం. బందరు లడ్డు ఒక డబ్బా కట్టించుకొని బస్సెక్కాను.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరితే కృష్ణ రెండు పాయలై కనబడుతుంది. ఆ పాయల నడుమది దివిసీమ. ఎడంగా ఘంటసాల, శ్రీకాకుళం. ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి కృష్ణదేవరాయలను తెలుగులో కావ్యం వ్రాయమన్నది ఆ శ్రీకాకుళంలోనే. రాయలు తుళువ వంశంవాడు. వచ్చినవాళ్ళచేత తెలుగు పలికించడం ఈ ఊళ్ళ దేవుళ్ళకు కూడా అలవాటే అనుకొని నవ్వుకున్నాను.

పెద్దమ్మ ఊరు నాగాయలంక అవతల. ఎనభైకి దగ్గరపడింది. లడ్డు డబ్బా అందుకొని, "ఏరా అబ్బాయ్, ఇంత ఆలస్యమేం?" అంది. బందరు దొరల కోసం ఆగానన్నాను. సంగతంతా విని, "మా ఊరూ వచ్చాడొక దొరకుర్రాడు. ఉప్పెన తరవాత" అంది.

1977 నవంబరు 19 ఉప్పెనను దివిసీమలో ఎవరూ తేదీతో చెప్పరు. 'ఉప్పెనప్పుడు', 'ఉప్పెనకు ముందు', అంతే. పదివేల మందికి పైగా పోయారు. పెద్దమ్మకు అత్తగారూ, రెండేళ్ళ మగపిల్లాడూ పోయారు. ఆ పిల్లాడి పేరు మా ఇళ్ళలో ఎవరికీ మళ్ళీ పెట్టలేదు.

"ఇళ్ళు కట్టడానికి ఏవో సంఘాలవాళ్ళు వచ్చారుగా, వాళ్ళతో వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎర్రగా కాలిపోయాడు ఎండకి. ఇటికలు మోసేవాడు."

"దేవుడి సంగతులేమన్నా చెప్పేవాడా?"

"ఏం చెప్పాడో ఎవరికి తెలుసు? వాడికొచ్చిన తెలుగంతా 'అమ్మా', 'అన్నం', 'నీళ్ళు'. గోంగూర పెడితే కళ్ళవెంట నీళ్ళు పెట్టుకుని తిన్నాడు. మానడు, తింటాడు!" పెద్దమ్మ నవ్వింది. కాసేపు ఆగి, "నేనప్పుడు అన్నం మానేసి పడుకునేదాన్ని. ఒకరోజు గడపలో కూచుని, పళ్ళెం నా వైపు తోసి, 'అమ్మా, అన్నం' అన్నాడు. వాడికి అడగడమే తెలుసు, పెట్టడానికి మాట తెలీదు. అదే మాటన్నాడు. లేచి తిన్నాను."

నేనేమీ అనలేదు. బయట కాలువమీద మోటారు పడవ చప్పుడు దూరమయింది.

"రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని ఉత్తరాలు రాసుకునేవాడు. ఇంటిమీద బెంగ పెట్టుకున్నాడు పాపం" అంది పెద్దమ్మ. లడ్డు ముక్క తుంచి నా చేతిలో పెట్టి, "లెక్కలొచ్చినవాడివి, చెప్పు. ఆ పిల్లాడికి ఇప్పుడెన్నేళ్ళుంటాయిరా?" అని అడిగింది.

డెబ్బయికి దగ్గర ఉంటాయని చెప్పాను.

"అయితే ముసలాడై ఉంటాడు" అంటూ దీపం పెట్టడానికి లేచింది.